పురి మందు

ఆ తేదీ ఖండేరావుకు బాగా గుర్తు. ఫిబ్రవరి పదిహేడు. పొద్దున ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నారు. ఉగ్గానిలో పుట్నాలపొడి ఎక్కువైందని ఆయన అక్క రుక్కూబాయి తనను తానే తిట్టుకుంది. కూతురు తులజ మాత్రం మళ్లీ పెట్టించుకుని తింది. అది అరగకముందే తండ్రీకూతుళ్లు ఆసుపత్రిలో ఒక చీకటి గదిలో కూర్చుని, కంప్యూటరు తెర మీద తులజ గుండెను చూస్తున్నారు.

తెర పక్కన డాక్టర్ నౌషీన్ నిలబడి ఉంది. ఒకప్పుడు అనంతపురం కాలేజీలో ఖండేరావు దగ్గర జీవరసాయనం చదువుకున్న పిల్ల. ఇప్పుడు గుండె వైద్యురాలు. చెడ్డ సంగతి చెప్పేముందు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం ఆమెకు అలవాటు. అవి తుడుచుకుని పెట్టుకుంది.

"సార్, ఇది పెద్ద ధమని. గుండె దగ్గర మొదలై, కొంకి మాదిరి వంగి, వీపు పక్కగా కిందికి దిగుతుంది. మొదట్లోనే ఉబ్బింది చూడండి. పోయిన సంవత్సరం ఇంత లేదు."

"మా అమ్మకు వచ్చిందేనా అక్కా?" అని తులజ అడిగింది.

"అదే."

ఖండేరావు భార్య అంబుజ ఒకనాడు మిద్దె మీద బట్టలు ఆరేస్తూ, 'వీపులో ఎవురో గుడ్డ చించినట్లుండాది' అని, చేతిలోని తడిచీరతోనే కూలబడింది. ఆసుపత్రికి చేరేలోగా అంతా అయిపోయింది. ఆమె ఎక్కువసేపు బాధపడలేదని అప్పుడొక డాక్టరు చెప్పాడు. ఆ ఒక్క మాటనే పట్టుకుని ఖండేరావు చాలా రాత్రులు నిద్రపోయాడు.

"ఆపరేషన్ చేసి గొట్టం వేయలేరా?" అన్నాడు చివరికి.

"వేయొచ్చు సార్. కానీ కుట్టు నిలబడాలి కదా. తులజ రక్తనాళం నానిన కాగితం మాదిరి ఉంది. సూది దిగిన చోటల్లా చీరుకుంటుంది." నౌషీన్ గొంతు తగ్గించింది. "మీ మందు ఎంతవరకు వచ్చింది సార్?"

*

ఖండేరావు పుట్టింది తోలుబొమ్మలు ఆడించే ఇంట్లో. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, వెలుతురు దాటేంత పల్చగా చేసి, దాని మీద బొమ్మ గీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు అద్దడం ఆ ఇంటి పని. అతనొక్కడే చదువుల వైపు పోయాడు. పోయినా తోలు మాత్రం అతన్ని వదల్లేదు. క్లాసులో పాఠం మొదలుపెట్టేముందు, ఒక పచ్చితోలు పేలికను మరుగుతున్న నీళ్లలో వేసేవాడు. అది చూస్తుండగానే బతికున్నదానిలా మెలికలు తిరిగి, మూడో వంతుకు ముడుచుకుపోయేది. పిల్లలు ఉలిక్కిపడేవాళ్లు.

"భయపడకండి. పురి విప్పుకుంది, అంతే" అనేవాడు. "మీ ఒంట్లో ఉండేదీ ఇదే. మూడు పోగులు పేనిన తాడు, పేరు కొలాజెన్. చర్మంలో అదే, ఎముకలో అదే, కీలును కీలుతో కట్టేది అదే, రక్తనాళం పగలకుండా పట్టుకునేది అదే. సంయోజక కణజాలం అని పుస్తకంలో రాసిన మాటకు అర్థం ఇంతే. మనిషిని మూటగట్టి ఉంచే తాడు."

తులజకు ఆ తాళ్లున్నాయి గానీ, ఒక తాడుకూ ఇంకో తాడుకూ మధ్య ఉండాల్సిన ముడులు తక్కువ. తల్లి నుంచి వచ్చింది. కసువు ఊడుస్తుంటే భుజం జారేది. బొటనవేలు వెనక్కి వంగి ముంజేతిని తాకేది. బడిలో పిల్లలు ఆమె వేళ్లను వింతగా చూసేవాళ్లు. తాత మాత్రం చూసి మురిసిపోయి, ఆమె ఎడమచేతికి ఒక జింక బొమ్మను ఇచ్చాడు.

అంతే. ఆ తర్వాత అలాంటి ఆట ఇంకెవరూ ఆడలేదు. బొమ్మ వెన్నుకర్రను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఇరికించి, మిగిలిన మూడు వేళ్లనూ వెనక్కి విరిచి, ఒక్కో వేలితో ఒక్కో దారం లాగేది. తెర మీద జింక తల తిప్పేది, చెవి విదిలించేది, కాలెత్తి ఆగి వాసన పట్టేది. తెర వెనక ఇద్దరున్నారని జనం అనుకునేవాళ్లు. ఉన్నది ఒక్క చెయ్యి.

అంబుజ పోయినప్పటి నుంచి ఖండేరావు ఆ ముడుల కోసమే పనిచేశాడు. ఊరి చివర పరిశోధన కేంద్రంలో, ఉప్పునీటి తొట్టెలలో, సముద్రపు అడుగున పాకే మెత్తని ప్రాణులను పెంచాడు. దోసకాయలా ఉంటాయి. తాకితే చెక్కలా బిగుసుకుంటాయి, వదిలేస్తే వెన్నలా జారిపోతాయి. తమ ఒంటి తాళ్లకు తామే ముడివేసుకుని, తామే విప్పుకోగలవు. వాటిలో విప్పే పదార్థమొకటి, కట్టే పదార్థమొకటి ఉన్నాయని ఆయన కనిపెట్టాడు. రెండూ కలిపి మనిషి రక్తానికి సరిపోయేలా మార్చిన మందుకు ప్రయోగశాలలో అందరూ పెట్టిన పేరు పురి మందు.

మందు ముందు పాత ముడులను విప్పుతుంది. ఒళ్లంతా కొన్ని గంటలు మెత్తబడుతుంది. తర్వాత కొత్త ముడులు గట్టిగా పడతాయి. ఒళ్లు ఆ సమయంలో ఎలా ఉంటే అలాగే పడతాయి. మందు తీసుకుని ముడుచుకు పడుకున్న ఎలుక, లేచాక కూడా ముడుచుకునే నడిచింది. దాని ధమని మాత్రం సైకిలు ట్యూబులా గట్టిపడింది.

*

అనుమతులిచ్చే సంఘం రెండు షరతులు పెట్టింది. మందు నౌషీన్ చేతుల మీదుగా ఇవ్వాలి. మొదట తక్కువ మోతాదు ఇచ్చి చూడాలి.

ఆ మొదటి మోతాదుకు ముందు ఖండేరావు చాలా ఆలోచించాడు. ఎలుక ముడుచుకుపోవడమే ఆయన కళ్లలో మెదులుతోంది. ముడుచుకుపోకుండా ఏం చేయాలో ఆయన పుట్టిన ఇంట్లో ఏడేళ్ల పిల్లకైనా తెలుసు. తోలు తడిగా ఉన్నప్పుడే నలువైపులా బిగలాగి మేకులు కొట్టాలి. కొట్టకపోతే ఆరేకొద్దీ చుట్టుకుపోతుంది. చిన్నప్పుడు నాన్న చేతికి ఆ మేకులు అందించింది తనే.

ఆయన రెండు చెక్కపలకలు నున్నగా చిత్రిక పట్టించి, దూది పరిచి, కూతురి చేతులు రెండూ వాటి మీద ఆనించి, ఒక్కో వేలును తిన్నగా చాపి గుడ్డపట్టీలతో కట్టాడు. కాళ్లూ అలాగే. నౌషీన్ కూడా సరేనంది. తులజ ఒక పగలంతా ఆరేసిన తోలులా పడుకుని ఉంది.

కట్లు విప్పాక మంచి సంగతులే ముందు కనిపించాయి. భుజం జారడం ఆగిపోయింది. ధమని ఉబ్బు కొంచెం తగ్గింది. రుక్కూబాయి మేనకోడలి కోసం మజ్జిగ తెచ్చి అందించింది. తులజ గ్లాసు పట్టుకోబోయింది. వేళ్లు వంగలేదు. గ్లాసు జారి మంచం మీద పడింది.

"పర్వాలేదు లే మే. మజ్జిగే గదా" అంది రుక్కూబాయి, తన కొంగుతో తుడుస్తూ.

తులజ తన చేతులను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అరచేతులు పలకల్లా చదునుగా ఉన్నాయి.

"నాయనా, తోలు చచ్చిపోయిన తర్వాత నీకేం కావాల? చదునుగా ఉంటే చాలు. రంగు పూసుకుంటావు. నేను బతికుండాను గదా."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఖండేరావు ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

మోతాదు చిన్నది కాబట్టి, గోరువెచ్చని నీళ్లలో ముంచి రోజూ వంచగా వంచగా వేళ్లు చాలావరకు వదిలాయి. రాత్రిళ్లు వంటింట్లో పాత దుప్పటి అడ్డంగా కట్టి, వెనక బల్బు వెలిగించి, తులజ జింకను ఆడించేది. మొదట్లో జింక తల తిప్పేది కాదు. గట్టిగా లాగితే మొత్తం బొమ్మే తిరిగేది.

"నీ జింకకు మెడ పట్టినట్లుండాదే" అనేది రుక్కూబాయి, పప్పు ఎనుపుతూ.

"పక్కూరికి పెండ్లికి పోయొచ్చింది అత్తా. బస్సులో కూసోని కూసోని."

"ఆవాల నూనె పెట్టు దానికి."

వారాలు గడిచేకొద్దీ జింక తల తిప్పింది. తర్వాత చెవి. చెవి విదిలించిన రాత్రి రుక్కూబాయి పప్పుగుత్తి కింద పెట్టి, తెర ముందుకొచ్చి కూర్చుంది. ఖండేరావు గుమ్మంలోనే నిలబడి చూశాడు. ఇది చాలు, దేవుడా, ఇంతటితో ఆపెయ్ అనుకున్నాడు.

ఆగలేదు. వర్షాలు మొదలయ్యేసరికి ధమని మళ్లీ ఉబ్బింది, ఈసారి తొందరగా.

*

"పూర్తి మోతాదు ఇవ్వాలి" అంది నౌషీన్. నలుగురూ ప్రయోగశాలలోని చిన్న గదిలో కూర్చున్నారు. "ఇంకో అవకాశం ఉండదు. మూడోసారి ఇస్తే ఒళ్లు దాన్ని శత్రువనుకుని తిరగబడుతుంది. ఈ వారంలోనే చేద్దాం."

"ఇయ్యండి. కానీ నేను పండుకోను" అంది తులజ.

"అంటే?"

"మందు ఎక్కినంతసేపూ బొమ్మ ఆడిస్తా. ముడి పడేటప్పుడు చెయ్యి కదుల్తాంటే, కదిలే మాదిరే పడుతుంది గదా. నిలబెట్టి కట్టేస్తే నిలబడిపోతాది. చూసినాం గదా."

నౌషీన్ కళ్లద్దాలు తీసింది. "తులజా, పాత ముడులు విప్పుకున్నప్పుడు నీ ధమని ఇప్పటికంటే పల్చనైపోతుంది. ఆ నాలుగైదు గంటలు రక్తపోటు పెరగకూడదు. చెయ్యెత్తి ఆడించావనుకో, గుండె గట్టిగా కొట్టుకుంటుంది. ఒక్క దెబ్బ గట్టిగా పడితే చాలు."

"మెల్లగా ఆడిస్తా."

"నువ్వు మెల్లగా ఆడించడం నేను ఎప్పుడూ చూడలేదు."

"అమ్మీ," అన్నాడు ఖండేరావు, "చేతులు పోతే పోనీ. నువ్వు ఉంటే చాలు నాకు."

తులజ తండ్రి వైపు తిరిగింది. "నీకు చాలు నాయనా. పలక మాదిరి లేచి, నేనేం చేసుకోవాల?"

రుక్కూబాయి తల మీది కొంగు సవరించుకుంటూ అంది: "పగటిపూట తెర గట్టేది మన ఇంట్లో ల్యాదు. అదొకటి ఆలోచించుకోండి."

"కిటికీలకు కంబళ్లు కప్పితే రాత్రే గదా అత్తా."

"దేవుణ్నే మోసం చేస్తావా మే నువ్వు?" అంది గానీ, ఆమె గొంతులో అప్పటికే ఒప్పుదల ఉంది.

మాటలు చాలాసేపు నడిచాయి. చివరికి నౌషీన్ దిగివచ్చింది. తెర మీద యుద్ధాలు వద్దు, గంతులు వద్దు. ఒక్క బొమ్మ, ఒక్క చెయ్యి. పాదాలు, మోకాళ్లు, మెడ, నడుము రుక్కూబాయి వంచుతూ చాపుతూ ఉండాలి. రక్తపోటు తాను గీసిన గీత దాటితే, అప్పుడే ఆట ఆపేసి, మత్తుమందిచ్చి పడుకోబెట్టేస్తుంది. ఆ తర్వాత చెయ్యి ఏమైనా సరే.

"ఇంకొక సంగతి" అంది. "రక్తపోటు క్షణక్షణం చూడాలంటే మణికట్టు ధమనిలో సన్న గొట్టం పెట్టాలి. ఆ చెయ్యి కదలకూడదు. పలకకు కట్టాల్సిందే."

"కాలికి పెట్టకూడదా?" అన్నాడు ఖండేరావు.

"తొడ దగ్గర నాళం ఇంకా పల్చన సార్. అక్కడ చీరితే నేను ఆపలేను."

అంటే, రెండు చేతుల్లో ఒకటి పోతుంది.

*

అనుకున్న రోజు పొద్దున్నే ఆసుపత్రి గది కిటికీలకు కంబళ్లు కప్పారు. మంచం తలవైపు ఎత్తి, ఎదురుగా తెల్లపంచె తెరలా కట్టి, మంచం వెనక ఎత్తుగా దీపం పెట్టారు. ఖండేరావు దూదిని స్పిరిట్లో ముంచి, కూతురి ఎడమ మణికట్టు అందుకున్నాడు.

తులజ ఆ చెయ్యి మెల్లగా లాక్కుంది. కుడిచెయ్యి చాపింది.

"ఇది" అంది.

"అమ్మీ, అది కుడిచెయ్యి."

"తెలుసు."

"తినే చెయ్యి మే అది. తినే చెయ్యి ఇస్తారా ఎవురన్నా?" అంది రుక్కూబాయి.

"ఎడం చేత్తో తింటా."

రుక్కూబాయి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె ఇంట్లో ఎడమచేత్తో మంచినీళ్లు అందిస్తేనే తప్పు.

ఖండేరావు చేతిలో దూది ఆరిపోతోంది. "రాసుకునేది ఆ చేత్తోనే. ఉలి పట్టేదీ, బొమ్మ చెక్కేదీ ఆ చేత్తోనే. ఆలోచించుకో."

"చెక్కేది నువ్వు కూడా చెక్కగలవు నాయనా. ఆడిచ్చేది నేనొక్కదాన్నే."

ఆయన ఇంకో దూది తీసుకుని, కుడి మణికట్టు తుడిచాడు. ఆ చెయ్యి చిన్నప్పుడు తన చూపుడువేలు పట్టుకుని నడిచిన చెయ్యి. తుడవడం మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది. నౌషీన్ తొందరపెట్టలేదు.

*

మందు ఎక్కడం మొదలైంది. తెర మీద జింక వచ్చి నిలబడింది. తల వంచి, ఎక్కడా లేని గడ్డి మేసింది.

రుక్కూబాయి మంచం చివర కూర్చుని, మేనకోడలి పాదాలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ వంచుతూ, మడమ తిప్పుతూ, మోకాలు మడుస్తూ చాపుతూ ఉంది. నోరు మూసుకోలేదు. మొహం కదలాలంటే మాట్లాడించాలని నౌషీన్ చెప్పింది.

"ఈ జింక తిండికే పుట్టినట్లుండాది. పొద్దన్నుంచి మేస్తానే ఉండాది."

"నీ పోలికే అత్తా."

"నేనా? నేనేం తింటా? రెండు ముద్దలు."

"ఆ ముద్ద ఎంతుంటుందో నాయనను అడుగు."

"నవ్వించొద్దు పెద్దమ్మా, నవ్వితే గీత దాటుతుంది" అంది నౌషీన్. ఆమె కళ్లు యంత్రం మీదే ఉన్నాయి.

కొంతసేపటికి నౌషీన్ మెల్లగా అంది: "విప్పుకుంటున్నాయి సార్."

ఖండేరావుకు ముందే తెలిసింది. కూతురి బుగ్గలు కొంచెం జారాయి. కింది పెదవి బరువెక్కింది. మాట ముద్దగా వస్తోంది. రుక్కూబాయి ఆ మొహం వైపు చూడడం మానేసి, పాదాలతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. ఎత్తి ఉన్న ఎడమచెయ్యి సన్నగా వణికింది. భుజం కీలు తన చోటు నుంచి ముందుకు తొంగిచూసింది.

ఖండేరావు చటుక్కున మోచేతి కింద అరచెయ్యి పెట్టి, పైకి మోశాడు. కీలు సర్దుకుంది. ఆయన చేతి కింద ఆమె ఒళ్లు తడిసిన బంకమట్టిలా ఉంది. వేళ్లు దిగబడుతున్నాయి. గట్టిగా పట్టుకుంటే గుచ్చుకుంటుంది, వదిలితే భుజం జారిపోతుంది. పట్టీ పట్టనట్టు, అక్కడే ఉంచాడు.

జింక మేయడం ఆపలేదు. తల ఎత్తింది. ఎడమవైపు చూసింది. చెవి విదిలించింది.

అలా చాలాసేపు గడిచింది. ఆయన భుజం నొప్పెట్టింది, తర్వాత మొద్దుబారింది. కంబళి అంచు నుంచి ఒక సన్న వెలుతురు గీత నేలమీద మెల్లగా జరుగుతోంది. గీత జరుగుతున్నందుకు ఆయన సంతోషించాడు. కాలం కదులుతోందన్నమాట.

"నాయనా" అంది తులజ.

"ఆఁ."

"వీపులో నొప్పి."

రుక్కూబాయి చేతులు ఆగిపోయాయి.

"ఎట్లుండాది?" అన్నాడు ఖండేరావు. తన గొంతు మామూలుగా రావడం ఆయనకే వింతగా అనిపించింది. "చించినట్లుండాదా?"

"తెలీడం ల్యా. భుజాల మధ్యన."

యంత్రం కూత వేసింది. రక్తపోటు గీత మీద నిలబడింది. నౌషీన్ ఒక చేత్తో మత్తుమందు సూది తీసుకుంది, రెండో చేత్తో స్కానింగ్ పరికరాన్ని తులజ ఛాతీ మీద పెట్టింది. పరికరం తెరలో ధమని కొట్టుకుంటోంది, పల్చగా, పొరలా.

"ఆపేద్దామా సార్? ఇప్పుడే చెప్పండి."

ఆపితే చెయ్యి ఇలాగే, గాల్లో ఎత్తి, వేళ్లు విరిచి, ఉండిపోతుంది. ఆపకపోతే, ఆ నొప్పి అంబుజ నొప్పే అయితే, క్షణాల్లో అయిపోతుంది. ఖండేరావు కూతురి మొహం చూశాడు. ఆమె తండ్రిని చూడడం లేదు. జింకను చూస్తోంది. భయంలో కూడా ఆమె చిటికెనవేలు దారాన్ని తప్పకుండా లాగుతోంది.

"గోడ చీరిందా? చూసి చెప్పు" అన్నాడు.

నౌషీన్ పరికరాన్ని కొంచెం పైకి, కొంచెం కిందికి జరిపింది.

"చీరలేదు."

"మళ్లీ చూడు."

"చూస్తున్నా సార్. చీరలేదు. గోడ నిండుగా ఉంది. ఈ నొప్పి..." ఆమె తులజ వీపు కింద చెయ్యి పెట్టి నొక్కింది. "ఇక్కడా?"

"అక్కడే."

"కండరం పట్టేసింది. చెయ్యెత్తి ఎత్తి." ఆమె సూది పళ్లెంలో పెట్టేసింది. పెట్టేటప్పుడు అది గలగలలాడింది. "సార్, మోచెయ్యి ఇంకొంచెం పైకి మోయండి. బరువంతా మీరే తీసుకోండి."

ఖండేరావు మంచం పక్కన మోకాళ్లూని, తన రెండో చెయ్యి కూడా ఊతంగా పెట్టుకుని, కూతురి చేతి బరువంతా తీసుకున్నాడు. యంత్రం కూత ఆగింది. రక్తపోటు గీత కిందికి దిగింది.

"అత్తా, నోరు మూసుకున్నావేం" అంది తులజ.

"నీ జింక కథ ఎంతకూ ముందుకు పోవడం ల్యా. ఏం మాట్లాడేది?" అంది రుక్కూబాయి. కళ్లు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, భుజానికి రాసుకుంది. మళ్లీ మోకాలు మడిచింది.

సాయంత్రం అయ్యేసరికి ఖండేరావు అరచేతి కింద ఒళ్లు మెల్లగా గట్టిపడింది. బంకమట్టి పోయి, చర్మం చర్మమైంది. జింక ఇంకా కదులుతోంది. నౌషీన్ యంత్రం వైపు చాలాసేపు చూసి, తర్వాత కంబళి ఒకటి తీసేసింది. ఎర్రటి ఎండ గదిలో పడి, తెర మీద జింక మాయమైంది.

"అయిపోయింది. ఇంక ఆపొచ్చు" అంది.

తులజ వెంటనే ఆపలేదు. ఎవరికీ కనిపించని జింక చేత ఒకసారి తల తిప్పించి, అప్పుడు బొమ్మను ఒళ్లో పడుకోబెట్టింది.

*

ఇంటికి వచ్చిన రోజు లెక్కచూసుకుంటే, పోయినవి తక్కువేం కాదు. కుడిచెయ్యి మణికట్టు నుంచి వేళ్ల కొసల దాకా తిన్నగా ఉండిపోయింది. మెడ ఒకవైపు సగమే తిరుగుతుంది. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం ఇక లేదు. ధమని గోడ మాత్రం గట్టిపడింది. ఉబ్బు ఇంక పెరగదని నౌషీన్ చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లద్దాలు తీయలేదు. ఎడమచేతి వేళ్లు వెనక్కి విరుచుకుంటాయి, మునుపటంత కాదు, కానీ విరుచుకుంటాయి.

ఆ రాత్రి భోజనాల దగ్గర రుక్కూబాయి అన్నం కలిపి, ముద్దలు చేసి, మేనకోడలి నోట్లో పెట్టింది. సగం తిన్నాక తులజ తల వెనక్కి తీసుకుంది.

"రేపట్నుంచి నేనే తింటా అత్తా."

రుక్కూబాయి చేతిలో ముద్ద అలాగే ఉంది. "ఎడం చేత్తోనా?"

"ఇంక వేరే చెయ్యి ల్యాదు గదా."

ఆమె ఆ ముద్దను కంచంలో అటూ ఇటూ కలిపింది. కలిపిందాన్నే మళ్లీ కలిపింది.

"తిను" అంది చివరికి. "బయటోళ్లు ఉన్నప్పుడు మాత్రం నేను నీ ముందర కూసుంటాలే. నా ఒళ్లు పెద్దది గదా, అడ్డముంటాది."

తులజ నవ్వింది. పక్కకు తిరిగి నీళ్లు తాగుతున్న ఖండేరావుకు పొలమారింది.

తర్వాత ఆయన గిన్నెలు సర్దడంలో అక్కకు సాయం చేసి, కూతురి గదిలోకి తొంగిచూశాడు. తులజ అప్పటికే నిద్రపోయింది. దుప్పటి జారింది. ఎడమచెయ్యి మంచం బయటికి వేలాడుతోంది. దాన్ని ఎత్తి పక్కలో పెట్టబోతూ ఆయన ఆగాడు. మోచేతి కింద, ఒళ్లు కొంచెం లోపలికి పోయి, నాలుగు వేళ్ల వెడల్పున ఒక పల్లం ఉంది. పక్కన బొటనవేలి గుంట వేరుగా ఉంది. ముడులు పడే గంటల్లో ఆయన చెయ్యి ఎక్కడుందో అక్కడే.

ఎప్పటికీ అలాగే ఉంటుందని ఆయనకు తెలుసు. తన మందు సంగతి తనకు తెలియదా.

చేతిని మెల్లగా దుప్పటి కిందికి చేర్చాడు. ఆమె ఛాతీ లేస్తూ దిగుతూ ఉండడం కొంతసేపు చూశాడు, అంబుజ నిద్రపోతుంటే ఎప్పుడూ అలా చూడాలని తోచలేదే అనుకుంటూ. దీపం ఆర్పి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేశాడు.